తిరగని మెడ

మెడ అదిరిన దెబ్బ గురించి ముందుగా తెలుసుకోవలసింది ఒకటుంది. తగిలిన రోజు నొప్పి ఉండదు. ఈ సంగతి నాకెవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే ఆ రోజు రైల్వే గేటు దగ్గర జీపు దిగి, లారీ డ్రైవర్‌తో అంతసేపు తగువు పెట్టుకునేదాన్ని కాదు. నోరు మూసుకుని, మెడ పట్టుకుని, అందరూ చూసేలా రోడ్డు పక్కన కూలబడేదాన్ని. అప్పుడైతే నమ్మేవాళ్ళు.

బల్లార్‌పూర్‌లో చుట్టాలింటి పెళ్ళిపనులకు వెళ్ళి చంద్రపూర్‌కు తిరిగి వస్తున్నాను. సర్వీసు జీపు. విసాపూర్ దగ్గర గేటు పడింది. నేను డ్రైవర్ వెనక సీట్లో కూర్చుని, పక్కకు తిరిగి, ఒకామె చీర అంచు చూస్తున్నాను. నెమలికంఠం రంగు చీరకు కుంకుమరంగు అంచు. ఆమె వేసుకున్న జాకెట్ మాత్రం మట్టిరంగు. ఎవరు అంటగట్టారో ఈ ముక్క అనుకుంటుండగా వెనక నుంచి బొగ్గు లారీ వచ్చి తగిలింది. గుద్దింది అనడానికి కూడా లేదు, తోసింది. నా తల ఒకసారి వెనక్కి పోయి, ముందుకు వచ్చి పడింది. అంతే. ఆ చీరామె ఒళ్ళోని టిఫిన్ డబ్బా మూత కూడా ఊడలేదు.

జీపుకు వెనక లైటు పగిలింది. లారీ అతను దిగి, లైటే కదా బెహెన్‌జీ అన్నాడు. ఆ మాటతో నేను దిగాను. తెలుగులో తిట్టాను, హిందీలో బెదిరించాను, మరాఠీలో సాక్షుల్ని పిలిచాను. రైలు పోయింది, గేటు లేచింది, వెనక బండ్లన్నీ హారన్లు కొడుతున్నాయి, నేను ఇంకా మాట్లాడుతూనే ఉన్నాను. ఇంటికొచ్చి ఆ కథంతా చేతులు తిప్పుతూ అభినయించి మరీ చెప్పాను. నవ్వారు. అన్నం తిని పడుకున్నాను.

తెల్లవారి లేవబోతే తల దిండు మీద నుంచి లేవలేదు. ఒళ్ళు లేస్తోంది, తల రావడం లేదు. చివరకు నా జుట్టు నేనే గుప్పిట పట్టుకుని, బావిలోంచి బొక్కెన తీసినట్టు, నా తలను నేనే పైకి తీసుకున్నాను. మా ఆయన అద్దం ముందు గడ్డం గీసుకుంటూ ఇదంతా చూశారు.

"ఏమైంది?"

"మెడ పట్టింది. నిన్నటి దెబ్బ."

"నిన్న రోడ్డు మీద గంత లడాయి చేసినవ్ గద. అప్పుడు లేని నొప్పి ఇయ్యాల ఎక్కడికెళ్ళి వచ్చింది?"

తర్వాత నెలల తరబడి ఇదే ప్రశ్న, వేర్వేరు నోళ్ళ నుంచి విన్నాను. మా ఆయన చెడ్డమనిషి కారు. ముందుగా అడిగింది ఆయన, అంతే.

ఎముకల డాక్టరు ఎక్స్‌రే ఫిల్మును ట్యూబ్‌లైటుకు అడ్డంపెట్టి చూసి, ఎముక ఎక్కడా విరగలేదమ్మా అని మరాఠీలో చెప్పాడు. మెడకు పట్టీ వేయించాడు, నొప్పి మాత్రలు రాశాడు, కదలకుండా పడుకోమన్నాడు. పట్టీ అంటే లోపల స్పాంజి, పైన తెల్ల గుడ్డ, గడ్డం కింద నుంచి భుజాల దాకా ఒక గట్టి గోడ. మేము రిక్షాలో ఇంటికి చేరేలోపే 'ఏం లేదంట' అనే మాట మాకంటే ముందు చేరింది. ఎట్లా చేరిందో ఇప్పటికీ తెలియదు. ఇంటి ముందు నిలబడ్డ ముగ్గురు ఆడవాళ్ళు నాతో అదే అన్నారు. ఏం లేదంట గద. అదృష్టం.

నేనెందుకు భయపడ్డానో అర్థం కావాలంటే మా దుకాణం గురించి చెప్పాలి. బజారులో మా బట్టల దుకాణం మా మామగారు పెట్టింది. ఆయన పోయాక మా బావగారు, అంటే మా ఆయన అన్న, పెద్దదిక్కయ్యారు. దుకాణంలో ఎడమ మూల మాత్రం నాది. జాకెట్ ముక్కలు, లంగాలు, చీర ఫాల్స్. మ్యాచింగ్ సెంటర్ అని బోర్డు కూడా నేనే రాయించాను. జువాలజీలో డిగ్రీ చేసిన మనిషిని వంటింట్లో కూర్చోబెట్టి ఏం చేస్తారో చేసుకోండని దెబ్బలాడి తెచ్చుకున్న మూల అది. ఆడవాళ్ళు చీర తెచ్చి నా ముందు పరుస్తారు. నేను తలెత్తి పై అరలు చూసి, ఏ ముక్క సరిపోతుందో చెప్పి, ఆ ముక్కనూ చీరనూ పట్టుకుని గడప బయట వెలుతురులోకి వెళ్ళి చూపిస్తాను. ట్యూబ్‌లైటు కింద ఏ రంగూ నిజం చెప్పదు. ఆ ఇంట్లో నేనుగా సంపాదించుకున్నది ఏదైనా ఉందంటే అదొక్కటే.

కొత్త కంపెనీలు, కొత్త సరుకు వస్తున్న కాలం. ఇళ్ళమీదుగా కేబుల్ టీవీ తీగలు అప్పుడే పడుతున్నాయి. బావగారు నాగ్‌పూర్ వెళ్ళి, ముందంతా అద్దం పెట్టిన రెడీమేడ్ దుకాణం ఒకటి చూసి వచ్చారు. అప్పటి నుంచీ ఆయన కళ్ళు నా మూల మీదే ఉన్నాయి. అక్కడ జీన్స్ ప్యాంట్లు పెట్టాలని. నేను రోజూ వెళ్ళి కూర్చున్నంతకాలం ఎవరూ నన్ను లేపలేరు. పడుకున్ననాడు ఆ మూల ఖాళీ.

బావగారితో నేను నేరుగా మాట్లాడను. మా ఇంట్లో అది పద్ధతి. ఆయన వస్తే తల మీదికి కొంగు లాక్కుని ముఖం పక్కకు తిప్పుకోవాలి. చెప్పవలసింది ఏదైనా ఉంటే మా ఆయనకో అత్తమ్మకో చెప్పినట్టు చెప్పాలి. వాళ్ళూ లేకపోతే గోడకు. పెళ్ళయిన కొత్తలో ఈ పద్ధతి మీద నేను చాలా పెద్ద యుద్ధమే చేశాను. తర్వాత దానిలో సుఖం కనిపెట్టాను. ముఖం చూడకుండా తిట్టడం సులువు. దుకాణంలో ఆయన ఒకవైపు, నేను ఒకవైపు, ఇద్దరం మా ఆయనతో మాట్లాడుతున్నట్టు ఏళ్ళ తరబడి పోట్లాడుకున్నాం. పాపం మా ఆయన అటూ ఇటూ తల తిప్పేవారు. ఆయన మెడకు ఏమీ కాలేదు.

ఇక మంచం సంగతి. నొప్పి ఒక చోట ఉండదు. మెడలో మొదలై, తల వెనక నుంచి ఎక్కి కంటి మీద కూర్చుంటుంది. మధ్యాహ్నానికి భుజానికి దిగుతుంది. ఒక రోజు బాగుంటుంది. బాగుందని లేచి రెండు గిన్నెలు కడిగితే మర్నాడు మొదటి రోజులాగే ఉంటుంది. కుడిచేతి వేళ్ళలో చీమలు పాకేవి, తర్వాత చీమలు కూడా పోయి, చేతికి ఇంకెవరివో వేళ్ళు అతికించినట్టు ఉండేది. ఒకసారి అలవాటుగా దిండుగలేబు గుడ్డ పట్టి చూశాను. నూలో, పాలిస్టరో తెలియలేదు. కళ్ళు మూసుకుని చెప్పేదాన్ని అంతకుముందు.

మాటలు కూడా దొరికేవి కాదు. చెంచా కావాలంటే 'అది, అన్నంది' అనేదాన్ని. ఎవరైనా ఏదైనా అంటే జవాబు పుట్టేది కాదు. కోపం రావలసిన చోట కోపం లేదు. భయం ఉంది కదా, దుకాణం పోతుందని? ఉంది, కానీ అది పక్కింట్లో ఎవరికో ఉన్న భయంలాగా గోడ అవతల నుంచి వినిపించేది. ఇంట్లో వాళ్ళకు మాత్రం ఇది బాగా నచ్చింది.

"దెబ్బ తాకినంక మంచిగైంది కోడలు. నోరు తెరుస్తలేదు" అంది అత్తమ్మ, పక్కింటామెతో, నా మంచం పక్కనే కూర్చుని.

"మా కోడలిని గూడ ఆ జీపుల పంపియ్యాలె" అంది ఆమె.

చూడవచ్చినవాళ్ళంతా నా పక్కన కూర్చునేవారు. ఎదురుగా ఎవరూ కూర్చోరు. వాళ్ళ ముఖం చూడాలంటే మెడ తిప్పాలి. తిప్పలేను. పైకప్పును చూస్తూ జవాబు చెప్పేదాన్ని. పొగరు తగ్గలేదని వెళ్ళి చెప్పుకున్నారట. స్పాంజి పట్టీ మీద కొంగు నిలవదు, జారిపోతుంది. బావగారు అటూ ఇటూ తిరిగే ఇల్లు కదా, అత్తమ్మ కొంగును పట్టీకి పిన్నీసులతో గుచ్చింది. దాంతో పట్టీ కనబడకుండా పోయింది. 'మంచిగనే ఉన్నవ్ గదనే' అన్నారు వచ్చినవాళ్ళు. కట్టు కనబడని దెబ్బకు మర్యాద లేదు.

బావగారు ఎదురుకాళ్ళతో పుట్టారు. కాళ్ళు ముందు వచ్చి తల తర్వాత వచ్చిన మనిషి కాలు తగిలిస్తే నడుం పట్టు, మెడ పట్టు వదులుతుందని మావైపు నమ్మకం. మరాఠీవాళ్ళకూ ఉంది ఆ నమ్మకం. బల్లార్‌పూర్ కాగితం మిల్లు నుంచి, బొగ్గుగనుల నుంచి నడుములు పట్టుకుని వచ్చి మా దుకాణం మెట్ల మీద బోర్లా పడుకునేవాళ్ళు. ఆయన చెప్పు విడిచి, కాలితో మెల్లగా మూడుసార్లు తట్టేవారు. ఒక్క పైసా తీసుకునేవారు కాదు. ఆయన ఉత్త బట్టల వర్తకుడు కాకుండా ఊళ్ళో ఒక మనిషిగా నిలబడింది ఆ కాలి మీదే.

అత్తమ్మకు ఒకరోజు రోషం వచ్చింది. "ఊరోళ్ళ నడుములన్నీ నా కొడుకు కాలుతోటి మంచిగైతున్నయ్. ఇంట్ల కోడలు మంచంల పడి ఉండె. నలుగురేమంటరు?"

"తమ్ముడి భార్యకు కాలెట్ల తాకిస్తడే అమ్మా, పాపం గద" అన్నారు మా ఆయన.

సంగతి నిజమే. ముఖం చూడకూడని మరదలికి కాలెలా తగిలిస్తాడు? తల్లీకొడుకులు దీని మీద రెండు పూటలు చర్చించారు. చివరకు అత్తమ్మే దారి కనిపెట్టింది. ఉతికిన తువ్వాలు ఒకటి పీట మీద మడతపెట్టి వాకిట్లో ఉంచింది. బావగారు వచ్చి, తువ్వాలును కాలితో మూడుసార్లు తట్టి వెళ్ళిపోయారు. దాన్ని తెచ్చి, పట్టీ విప్పి, నా మెడకు చుట్టారు.

కప్పలను కోసి నరాలు విడదీసి పరీక్ష రాసిన దాన్ని. మామూలుగా అయితే ఆ తువ్వాలు మీద రెండు రోజులు ఉపన్యాసం ఇచ్చేదాన్ని. మా ఆయన నా ముఖంలోకి వంగి చూశారు.

"ఏమంటలేవేంది?"

"ఏమనాలె?"

నేను బతికి లేనేమోనని ఆయనకు అప్పుడు అనుమానం వచ్చిందనుకుంటాను. తువ్వాలుకు సబ్బు వాసన ఉంది, కొంచెం ఎండ వాసన ఉంది. అంతకుమించి ఏమీ జరగలేదు.

కానీ సాయంత్రానికి తగ్గిపోయింది. అంటే అత్తమ్మ అందరికీ అట్లా చెప్పింది. పక్కింటామె వచ్చి 'తగ్గిందా' అని నన్ను అడిగితే, 'తగ్గకేమైతది' అని అత్తమ్మ జవాబిచ్చింది. నేను కాదంటే బావగారి కాలు అబద్ధమవుతుంది. ఔనంటే దుకాణానికి ఎందుకు రావడం లేదని అడుగుతారు. కాదనే ఓపిక లేదు, ఔనని లేచే మెడ లేదు. పడుకున్నాను.

బజారంతా చెప్పుకున్నారు, తువ్వాలుతో కూడా తగ్గిందట, కాలు తాకనే అక్కరలేదట అని. ఆయన దగ్గరకు వచ్చేవాళ్ళు ఎక్కువయ్యారు. ఆ వారంలోనే మా ఆయన మంచం చివర కూర్చుని, వేళ్ళు విరుచుకుంటూ, అన్న పంపిన మాట చెప్పారు.

"అన్న అంటుండు, మెడ మంచిగైనంక గూడ వస్తలేదంటే ఆమెకు దుకాణం మీద మనసు లేనట్టే అని. వడ్రంగిని పిలిచిండు. ఆ మూల అరలు తీసేసి ప్యాంట్లకు గ్లాసు బీరువా పెడ్తరంట."

"మంచిగ కాలేదని మీకు తెలుసు గద."

"నాకు తెలుసు." ఇంకో వేలు విరుచుకున్నారు. "ఎక్స్‌రేల గూడ ఏం రాలేదాయె."

తెలుసు అన్న మనిషే ఆ రెండో మాట కూడా అన్నారు. నేను పైకప్పు చూశాను. కోపం కోసం వెతికాను. లేదు. అయితే ఒక సంగతి మాత్రం తేలిగ్గా, లెక్కలాగా అర్థమైంది. ఆ మూల పోతే నేను ఈ మంచం మీద నుంచి లేవడానికి ఇక కారణం ఉండదు. లేవకపోతే ఎవరికీ ఇబ్బంది కూడా ఉండదు.

మర్నాడు రిక్షా పిలిపించుకుని, వ్యాయామాలు చేయించే డాక్టరమ్మ దగ్గరకు ఒక్కదాన్నే వెళ్ళాను. కొత్తగా గది తెరిచిందని ఎవరో చెప్పగా విన్నాను. చిన్న వయసు, నాగ్‌పూర్‌లో చదివిన మరాఠీ పిల్ల. నా మెడ మీద వేలు పెట్టి, ఇక్కడా, ఇక్కడా అని తనే చెప్పింది, నేను చెప్పకముందే. కండరాలు, ఎముకలను పట్టి ఉంచే తంతువులు సాగి వాచాయి, ఎక్స్‌రేలో ఎముకలే పడతాయి, ఇవి పడవు అంది.

"ఈ పట్టీ ఎన్నాళ్ళ నుంచి వేసుకుంటున్నారు?"

చెప్పాను. ఆమె పెదవి విరిచింది. "తీసెయ్యండి. దీంతో మెడ ఇంకా బలహీనమైంది. నొప్పి ఉంటుంది, కదపండి. కొంచెం కొంచెం. పనికి వెళ్ళండి."

"పూర్తిగా ఎప్పుడు తగ్గుతుంది?"

"నెలలు పడుతుంది. తగ్గుతుంది, మళ్ళీ వస్తుంది, మళ్ళీ తగ్గుతుంది. కొంత మిగలొచ్చు."

తగ్గుతుందని అందరూ అన్నారు. కొంత మిగలొచ్చని అన్నది ఆమె ఒక్కతే. అందుకని నమ్మాను. ఇన్నేళ్ళకూ చలికాలంలో ఆ కొంత ఉంది.

పట్టీని ఆమె బల్ల మీదే వదిలేసి నేరుగా దుకాణానికి వెళ్ళాను. తల గుమ్మడికాయంత బరువుగా ఉంది. మా ఆయన నన్ను చూసి లేచి నిలబడ్డారు, మళ్ళీ కూర్చున్నారు. నా మూలలో వడ్రంగి టేపు పట్టి కొలుస్తున్నాడు. జాకెట్ ముక్కలు అప్పటికే సగం కిందికి దించి గోతాల మీద పడేశారు, ఎరుపులు, పచ్చలు అన్నీ కలిపి. వాటి పక్కనే, బేరానికి నేను రోజూ కూర్చునే పరుపు మీద కూర్చున్నాను.

బావగారు లోపలి గోదాములోంచి వచ్చారు. సరిగ్గా నా ఎదురుగా.

నేను ముఖం తిప్పుకోవాలి. కొంగు ఎప్పుడో జారింది, చెయ్యెత్తి లాక్కుంటే భుజం నుంచి తల దాకా లాగుతుంది. తిప్పలేదు. ఆయన నిలబడిపోయారు, నేను తిప్పుకుంటే ముందుకు నడుద్దామని. గుమ్మానికి అడ్డంగా ఆవు నిలబడితే అది కదిలేదాకా ఆగుతామే, అట్లా ఆగారు. నేను కదలలేదు. ఇన్నేళ్ళలో ఆయన ముఖం నేను సరిగా చూడలేదు. నా మనసులో ఉన్నదానికంటే పెద్దవాడు. కనుబొమల్లో తెల్ల వెంట్రుకలు ఉన్నాయి.

ఆయన వడ్రంగి వైపు చూసి అన్నారు. "ఆమెకు చెప్పు. మెడ మంచిగైంది గద, ఇంటికాడ పని చూసుకొమ్మను. ఈడ దుమ్ము."

వడ్రంగి టేపు పట్టుకుని నోరు తెరిచి మా ఇద్దరినీ చూశాడు. మా ఆయన లేవబోయారు, అలవాటు చొప్పున, మధ్యలో నిలబడటానికి.

"మంచిగ కాలేదు, బావగారు" అన్నాను.

నేరుగా అన్నాను. గొంతులో కోపం లేదు, ధైర్యమూ లేదు. గోడను వెతుక్కునే ఓపిక లేక అన్నాను.

ఆయన నాకేసి చూడకుండా చూశారు. తర్వాత ఆయన కూడా నేరుగా అడిగారు, పెళ్ళై వచ్చినప్పటి నుంచి నాతో అన్న మొదటి మాట.

"తిప్పరాదా?"

"తిప్పరాదు."

"ఇటు గూడ?"

"ఏ దిక్కు గూడ."

ఎక్స్‌రే ఫిల్ము ఆయన చూశారు. పట్టీ చూశారు. నేను మూలగడం గోడ అవతల నుంచి విన్నారు. ఏదీ నమ్మలేదు. తమ్ముడి భార్య తన ముఖంలోకి చూస్తూ కూర్చుంది, తిప్పుకోవడం లేదు. అది నమ్మారు. ఆయన చూపు కిందికి, తన కుడి కాలి మీదికి దిగింది. చెప్పులో ఉన్న ఆ కాలి బొటనవేలు ఒకసారి ముడుచుకుంది. నాకు ఆయన మీద జాలి రావలసింది. అదీ రాలేదు.

"తువ్వాలు సంగతి నేనెవరికి చెప్పలేదు" అన్నాను. "చెప్పే పని గూడ లేదు. నా అరలు నాకుంచుండ్రి."

"అవి పైన ఉండె గద. తలెత్తకుంట ఎట్ల చూస్తవ్?"

అది న్యాయమైన ప్రశ్న. నేను ఇంటి దగ్గర పడుకుని అన్నీ ఆలోచించి కూడా ఇది ఆలోచించలేదు. కూర్చున్న చోటు నుంచి చెయ్యి చాపాను. అది ఎంతవరకు నొప్పి లేకుండా లేచిందో అక్కడ ఆపాను. ఛాతీ ఎత్తుకు కొంచెం కింద.

"ఇంతవరకు నాది. దానిమీద మీ ప్యాంట్లు పెట్టుకోండ్రి."

"గిరాకీ ప్యాంట్లకు మీదికెట్ల చూస్తది?"

"వాళ్ళ మెడలు మంచిగనే ఉన్నయ్ గద."

మా ఆయన దగ్గినట్టు చేశారు. బావగారు నవ్వలేదు. వడ్రంగి వైపు తిరిగి, కింది అరలు రెండు లోతుగా, గట్టిగా చెయ్యమన్నారు. పైన ప్యాంట్లకు అద్దం బీరువా. నా మూల సగమైంది, సగం మిగిలింది. గెలిచానని ఎవరైనా అంటే ఒప్పుకోను. ఓడానన్నా ఒప్పుకోను. ఆ రోజు మాత్రం రెండింటి గురించీ ఆలోచించలేదు. గోతాం మీద కలిసిపోయిన ముక్కల్లోంచి పచ్చలన్నీ ఒకవైపు పెట్టడం మొదలుపెట్టాను, ఎడమచేత్తో.

వడ్రంగి పని మొదలుపెట్టాడు. సుత్తి దెబ్బ పడ్డప్పుడల్లా తల వెనక భాగంలో మోగింది. ఇంటికి పొమ్మని బావగారు ఇంకోసారి అన్నారు, ఈసారి నాతోనే. మేకులు కొట్టడం అయ్యాక పోతానన్నాను.